నార్మల్ మూడ్స్

నోటీసు బోర్డు దగ్గర ఆ రోజు జరిగినదాన్ని గొడవ అనడానికి వీల్లేదు. గొడవకి కనీసం ఇద్దరు కావాలి. అక్కడ అతనొక్కడే బోర్డుకి అడ్డంగా నిలబడి తనలో తను గొణుక్కుంటున్నాడు. ఆమె వెనకాల ఫోను ఎత్తి పట్టుకుని, అతని తల పక్కకి జరిగితే సిలబస్ ఫొటో తీసుకుందామని చూస్తోంది.

"కాస్త తల తీస్తారా?" అంది చివరికి.

"తీస్తే పెట్టుకోడానికి ఇంకోటి లేదండీ" అన్నాడతను వెనక్కి తిరగకుండానే.

"ఉన్నా లేకపోయినా పెద్ద తేడా లేదని పోయినేడాది రిజల్ట్స్‌లో తేలింది కదా."

అతను వెనక్కి తిరిగాడు. ఆ సందులో ఆమె ఫొటో తీసేసుకుంది. ఫొటోలో సిలబస్ సగం, అతని చెవి సగం పడ్డాయి.

ఇద్దరూ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో పరిశోధక విద్యార్థులే. చేరిన తర్వాత క్వాలిఫయింగ్ పరీక్ష ఒకటి పాసవాలి. రెండుసార్లు తప్పితే మూటాముల్లె సర్దుకుని ఇంటికి పోవాలి. అతను ఒకసారి తప్పాడు. ఆమెకి ఇదే మొదటిసారి.

అతన్ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ 'అనుకుందాం' అని పిలిచేవారు. థియరీ మనిషి. ఏ లెక్కైనా "గాలి లేదనుకుందాం, రాపిడి లేదనుకుందాం" అంటూ మొదలుపెడతాడు. క్యాంటీన్‌లో కాఫీ చల్లారిపోయి వచ్చినా "వేడిగా ఉందనుకుందాం" అని గటగటా తాగేస్తాడు.

ఆమె పేరు 'అటూఇటూ'. ల్యాబ్ మనిషి. ఏ అంకె చెప్పినా వెనకాల "అటూ ఇటూగా" అని తగిలించందే ఆమెకి నిద్ర పట్టదు. వయసెంతని ఎవరో అడిగితే "ఇరవై నాలుగు, అటూ ఇటూగా కొన్ని నెలలు" అని చెప్పిందట. అక్కచెల్లెళ్ళు ఎందరంటే "నేనొక్కదాన్నే, ఇందులో అటూ ఇటూ ఏం లేదు" అందట.

"మీరు ఇది చూశారా?" అన్నాడు అనుకుందాం, వేలితో సిలబస్ చివర చూపిస్తూ. "క్లాసికల్ మెకానిక్స్ కింద చివరి లైను."

ఆమె కళ్ళు చిన్నవి చేసుకుని చదివింది. సిలబస్ అంతా మామూలుగానే ఉంది. ఎలక్ట్రోమాగ్నెటిజం, క్వాంటం మెకానిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్, మేథమెటికల్ మెథడ్స్. ఆ చివరి లైను మాత్రం ఇలా ఉంది: 'కపుల్డ్ ఆసిలేటర్స్ - నార్మల్ మూడ్స్'.

రెండు లోలకాలని ఒక స్ప్రింగుతో కలిపితే అవి తమకు సహజమైన కొన్ని పద్ధతుల్లో ఊగుతాయి. వాటిని నార్మల్ మోడ్స్ అంటారు. లోలకాలకి మోడ్స్ ఉంటాయి. మూడ్స్ ఉన్నట్టు అప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు.

"టైపింగ్‌లో పడ్డ తప్పు" అందామె. "హెడ్డుగారికి చెప్తే దిద్దేస్తారు."

"దిద్దేశారనుకుందాం" అన్నాడతను.

"అనుకోవడం ఎందుకు? వెళ్ళి అడిగితే పోలా?"

హెడ్డుగారు ఇద్దరి మాటా విని, లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చారు.

"తప్పు అనే మాట ఈ గదిలో గట్టిగా అనకండి" అన్నారు గొంతు తగ్గించి. "పోయినేడాది ఎమ్మెస్సీ ప్రశ్నపత్రంలో ఒక తప్పు దొర్లిందని నేను మర్యాదగా ఒప్పుకున్నాను. విచారణ సంఘం వేశారు. వాళ్ళింకా పక్క గదిలోనే ఉన్నారు. పొద్దున్నా సాయంత్రమూ టీ మనమే పంపుతున్నాం. ఇప్పుడు రెండో తప్పు ఒప్పుకున్నాననుకోండి, రెండో సంఘం వస్తుంది. మన దగ్గర అన్ని కప్పులు లేవు."

"మరి మేం ఏం చదవాలి సార్?" అందామె.

"ఏం పడిందో అదే చదవండి."

"అలాంటి సబ్జెక్ట్ ప్రపంచంలో లేదు సార్" అన్నాడతను.

"పరీక్ష నాటికి ఉంటుంది" అన్నారు హెడ్డుగారు.

ఆ బాధ్యత లోలకం మాస్టారి మీద పడింది. క్లాసికల్ మెకానిక్స్ చెప్పే ఆయన పాఠం చెబుతున్నంతసేపూ ముందుకీ వెనక్కీ ఊగుతుంటారు. అందుకే ఆ పేరు. ఈ టర్ము చివర రిటైరవుతున్నారు. తన సబ్జెక్టులో ఇన్నాళ్ళకి ఒక కొత్త విషయం పుట్టిందని తెలిసి ఆయన ఊగడం ఆపి ఒక్క క్షణం నిటారుగా నిలబడ్డారు.

"బ్రహ్మాండంగా ఉంది" అన్నారు. "ఆసిలేటర్లు కావాలి. మీరిద్దరున్నారు. కప్లింగ్ కావాలి. స్టోర్‌రూమ్‌లో స్ప్రింగు ఉంది. ఇంకేం కావాలి?"

"సార్, మేం మనుషులం" అన్నాడు అనుకుందాం.

"ఆ మాత్రం తేడా పుస్తకాల్లో ఎప్పుడూ ఉంటుంది" అన్నారు మాస్టారు. "రోజూ మధ్యాహ్నం ఒక గంట ఇద్దరూ ఈ స్ప్రింగు తగిలించుకుని ఉండాలి. మామూలుగా తిరగండి, చదువుకోండి, ఏమైనా చేసుకోండి. ఒకరి మూడ్ ఒకరు కొలవండి. పరీక్షలో ఎగ్జామినర్ల బోర్డుకి చెప్పండి."

"మూడ్‌కి యూనిట్ ఏంటి సార్?" అంది అటూఇటూ.

"అది మీరే కనుక్కోవాలమ్మా. నేను కనుక్కుని ఉంటే దానికి నా పేరే పెట్టేవాళ్ళు."

స్టోర్‌రూమ్‌లోంచి వచ్చిన స్ప్రింగు చేయంత పొడవుంది. రెండు చివరలా ఇత్తడి కొక్కేలున్నాయి. ఒకటి అతని బెల్టుకి, ఇంకోటి ఆమె బ్యాగు పట్టీకి.

"దీని బరువు లేదనుకుందాం" అన్నాడతను.

ఆమె స్ప్రింగు మొత్తం అతని అరచేతిలో పెట్టింది. చెయ్యి ఒక్కసారిగా కిందికి దిగింది.

"ఇప్పుడనుకోండి" అంది.

*

మొదటి రోజే లైబ్రరీ దగ్గర చిక్కొచ్చి పడింది. ల్యాబ్ సామాను లోపలికి తేకూడదని అక్కడి నియమం. బ్యాగ్ కౌంటర్‌లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి.

"స్ప్రింగు ఇచ్చేయండి" అన్నాడు కౌంటర్ పెద్దాయన.

"ఇవ్వకూడదండీ. గంటసేపు తగిలించుకునే ఉండాలి" అందామె.

పెద్దాయన కాసేపు ఆలోచించాడు. నియమం నియమమే. స్ప్రింగుని కౌంటర్ లోపల అరలో పెట్టి, టోకెన్ ఇచ్చాడు. స్ప్రింగు అటు చివర అతనూ, ఇటు చివర ఆమే ఉన్నారు కాబట్టి వాళ్ళు కూడా లోపలికి వెళ్ళి, బ్యాగుల అరల మధ్య కూర్చోవలసి వచ్చింది. మర్నాటి నుంచి ఆయనే రెండు స్టూళ్ళు వేసి ఉంచేవాడు.

ఆ విధంగా వాళ్ళిద్దరి క్వాలిఫయింగ్ చదువు బ్యాగ్ కౌంటర్‌లో మొదలైంది. వచ్చేపోయేవాళ్ళు కొందరు వాళ్ళకే బ్యాగులు అందించి వెళ్ళేవారు. వీళ్ళు తీసుకుని అరలో పెట్టి మళ్ళీ చదువుకునేవారు.

"ముందు యూనిట్ తేల్చాలి" అంది అటూఇటూ. "మీకు ఖాయంగా సంతోషం కలిగించే చిన్న విషయం ఏదైనా చెప్పండి."

అతను ఆలోచించాడు. "రద్దీ బస్సెక్కాక కిటికీ పక్క సీటు దొరకడం."

ఆమె అతని వైపు మొదటిసారి కాస్త మర్యాదగా చూసింది. "నాక్కూడా" అంది. "అయితే యూనిట్ కిటికీ. ఇప్పుడు మీ మూడెంత?"

"సున్నా కిటికీలు. మీది?"

"మైనస్ రెండు. అటూ ఇటూగా సగం."

"దేనికి?"

"రేపట్నుంచి క్వాంటం చదవాలి."

ఆమెకి క్వాంటం మెకానిక్స్ అంటే గిట్టదు. కొలిచేదాకా ఎలక్ట్రాన్ ఎక్కడుందో చెప్పలేమంటే దాన్ని సబ్జెక్టు అనరని, నిర్లక్ష్యం అంటారని ఆమె అభిప్రాయం. ల్యాబ్‌లో తను అలా మాట్లాడితే గైడు బయటికి పంపేస్తారంది.

అతను నవ్వలేదు. పెన్ను తీసి పాత వార్తాపత్రిక అంచు మీద ఒక గీత గీసి, అక్కణ్ణుంచి మొదలుపెట్టాడు. పాఠం చెప్పేటప్పుడు అతను వేరే మనిషి. వేళాకోళాలు ఉండవు. ఆమెకి అర్థం కానిచోట ఆగి, అదే విషయాన్ని ఇంకో దారిలో తీసుకొచ్చేవాడు. అలా ఎన్ని దారులైనా అతని దగ్గర ఉండేవి. ఒక మధ్యాహ్నం ఆమె తనంతట తనే ఒక లెక్క చివరిదాకా చేసి, తలెత్తి చూసేసరికి అతను ఆ లెక్కని కాకుండా తననే చూస్తున్నాడు.

"ఏంటి?" అంది.

"ఏం లేదు. ఆన్సర్ కరెక్టో కాదో చూస్తున్నా."

"ఆన్సర్ పేపర్ మీదుంది."

"ఆఁ, అదే" అని అతను పేపర్ తిరగేసి పట్టుకుని చూశాడు.

ఇక అతని సంగతి. పోయినేడాది తప్పింది ఎలక్ట్రోమాగ్నెటిజంలో. సమీకరణాలన్నీ గడగడా రాసేశాడు. చివర్లో ఒక ఎగ్జామినర్ "ఇంతకీ కాలింగ్ బెల్ ఎలా మోగుతుంది బాబూ?" అని అడిగారు. అతను "బెల్ గోళాకారంలో ఉందనుకుందాం" అని మొదలుపెట్టాడు. అంతటితో అయిపోయింది.

మర్నాడు అటూఇటూ ఒక పాత కాలింగ్ బెల్లూ స్క్రూడ్రైవరూ పట్టుకొచ్చింది.

"విప్పండి."

"నేనా?"

"బెల్ మిమ్మల్ని విప్పదు కదా."

విప్పాడు. స్క్రూ ఒకటి ఎగిరి బ్యాగుల కిందికి దొర్లింది. ఇద్దరూ ఒకేసారి వంగారు. స్ప్రింగు ముడుచుకుపోయి ఇద్దర్నీ దగ్గరికి లాగింది. నుదురూ నుదురూ టంగుమన్నాయి. ఆమె వెనక్కి జరిగితే స్ప్రింగు అతన్ని కూడా వెంట తీసుకొచ్చింది.

"సారీ" అన్నాడతను.

"పర్లేదు. స్క్రూ దొరికిందా?"

"ఏ స్క్రూ?"

స్క్రూని చివరికి కౌంటర్ పెద్దాయనే వెతికిచ్చాడు. తీగ చుట్టలో కరెంటు పారితే అది అయస్కాంతమై చిన్న సుత్తిని లాగుతుందనీ, లాగగానే కరెంటు తెగి సుత్తి వెనక్కి వస్తుందనీ ఆమె వేలు పెట్టి చూపించింది. అతను తన చేత్తో తీగలు కలిపాడు. బెల్ అతని అరచేతిలో గణగణ మోగింది. లైబ్రరీలో వాళ్ళందరూ తలలెత్తారు.

"ఎంత?" అందామె.

"మూడు కిటికీలు."

"అటూ ఇటూగా?"

"లేదు, మూడే" అన్నాడతను, బెల్‌ని ఇంకా మోగిస్తూ.

*

గదిలో కొలతలు సరిపోవని, ఆరుబయట కూడా తీయాలని లోలకం మాస్టారు చెప్పడంతో వాళ్ళు వీధిలోకి వెళ్ళారు. మబ్బు పట్టి, వానకి ముందు గాలి వీస్తోంది. పేవ్‌మెంట్ మీద జనం స్ప్రింగుని దాటుకుని వెళుతున్నారు. ఒకాయన దాని కింద నుంచి వంగి వెళ్ళి "థాంక్స్" కూడా చెప్పాడు.

పళ్ళ దుకాణం ముందు ఒక పెద్దమనిషి తూకపు రాళ్ళు తనిఖీ చేస్తున్నాడు. చేతిలో ఐదు కిలోల రాయి ఉంది. తలెత్తాడు. అటూఇటూ అక్కడే ఆగిపోయింది. అనుకుందాం రెండడుగులు ముందుకి వెళ్ళి, స్ప్రింగు సాగి, వెనక్కి వచ్చాడు.

"నాన్న" అందామె మెల్లగా.

వాళ్ళ నాన్న తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఆయన ముందు కూతుర్ని చూశాడు. తర్వాత స్ప్రింగుని చూశాడు. స్ప్రింగు వెంబడి చూపుని మెల్లగా నడిపించుకుంటూ రెండో చివర ఉన్న అతని దాకా వచ్చాడు.

"ఏమిటిది?"

"స్ప్రింగు నాన్నా."

"అది కనిపిస్తోంది. ముద్ర ఏది?"

"ముద్రా?"

"మా శాఖ ముద్ర లేని స్ప్రింగుతో బజార్లో దేన్నీ తూచకూడదు. నా కూతురివై ఉండి నీకు తెలీదా?"

"తూచట్లేదు నాన్నా, కొలుస్తున్నాం."

"ఏం కొలుస్తున్నారు?"

ఆమెకి సాయం చేద్దామని అతనే నోరు తెరిచాడు. "మూడ్స్ అండీ."

"ఎవరివి?"

"మీ అమ్మాయివి."

పళ్ళ దుకాణదారుడు ఈ సందులో తన త్రాసుని చడీచప్పుడు లేకుండా గుడ్డ కింద పెట్టేశాడు. ఇన్‌స్పెక్టరు గారు రాయి కింద పెట్టలేదు.

"నీకూ మా అమ్మాయికీ ఏమిటి?" అన్నాడు.

అతను రాయి వైపు చూశాడు. "ఏమీ లేదండీ. స్ప్రింగొక్కటే. పరీక్షవగానే స్టోర్‌రూమ్‌లో అప్పజెప్పేస్తాం. ఆ తర్వాత మేం ఒకరికొకరు తెలియదనుకుందాం."

"మంచిది" అని ఇన్‌స్పెక్టరు గారు మళ్ళీ త్రాసు కోసం వెతుక్కున్నాడు.

నాలుగడుగులు నడిచాక అటూఇటూ ఆగింది. వాన మొదలైంది. చినుకులు స్ప్రింగు చుట్టల మీద పడి ఒక్కో చుట్టా దిగుతున్నాయి. ఆమె తన బ్యాగు పట్టీ నుంచి కొక్కెం తీసి అతని చేతిలో పెట్టింది.

"గంట అవలేదు కదా" అన్నాడతను.

"లేదనుకోవడం నీకెంత తేలికో నాకిప్పుడే తెలిసింది" అంది.

ఇన్నాళ్ళకి ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు. అలా అంటుందని అతను చాలాసార్లు ఊహించుకున్నాడు. ఇలా అంటుందని మాత్రం ఊహించలేదు. ఆమె గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది. అతను వానలో తడుస్తూ, స్ప్రింగు రెండు కొక్కేలూ తనే పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

మర్నాడు బ్యాగ్ కౌంటర్‌లో రెండు స్టూళ్ళు వేసి ఉన్నాయి. అతనొక్కడే వెళ్ళాడు. పెద్దాయన అతన్నీ, వేలాడుతున్న స్ప్రింగునీ చూసి టోకెన్ ఇవ్వకుండా లోపల పెట్టేసుకున్నాడు. రెండో స్టూలు మీద ఎవరో బ్యాగు పెట్టబోతే "అక్కడ మనుషులున్నారు" అని కసిరాడు.

ఆమె ల్యాబ్ తలుపు వేసుకుని చదువుకుంటోంది. తలుపు మీద 'లేజర్ వాడుతున్నాం, లోపలికి రావద్దు' అని ఎర్ర లైటు వెలుగుతోంది. అతను రోజూ వెళ్ళి ఆ లైటు చూసి వచ్చేవాడు. ఫోను చేస్తే తీయదు. స్టాటిస్టికల్ మెకానిక్స్ పుస్తకం తెరిస్తే ఏ పేజీలో ఉన్నాడో తెలియడం లేదు. పరీక్ష దగ్గరపడుతోంది. ఈసారి తప్పితే మళ్ళీ అవకాశం లేదు.

అతను అక్క దగ్గర ఉంటున్నాడు. అక్క డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చునే మనిషి కాబట్టి ఆమెకి కంగారంటే ఏమిటో తెలియదు.

"అన్నం కలిపి ఎంతసేపైంది, తింటావా లేక దాన్ని కూడా ఊహించుకుంటావా?" అంది.

అతను జరిగిందంతా చెప్పాడు. అక్క సాంతం విన్నది.

"వాళ్ళ నాన్న ముందు ఏమీ లేదని ఎందుకన్నావురా?"

"ఆయన చేతిలో ఐదు కిలోల రాయుందక్కా."

"సరే. వెళ్ళి తప్పైందని చెప్పు."

"వినట్లేదు. నన్ను చూస్తేనే వెళ్ళిపోతోంది."

"లేచి వెళ్ళిపోడానికి వీల్లేని చోటు చూసి చెప్పు. నా కార్లో ఎవరైనా అలిగితే నేను సిగ్నల్ దగ్గరే మాట్లాడతాను. దిగి ఎక్కడికి పోతారు?"

అటూఇటూ లేచి వెళ్ళడానికి వీల్లేని చోటు ప్రపంచంలో ఒక్కటే ఉందని అతనికి ఆ రాత్రి భోజనం దగ్గరే తట్టింది.

*

పరీక్ష నోటితో చెప్పేది. బోర్డులో హెడ్డుగారు, లోలకం మాస్టారు, బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక మేడమ్. పొద్దున ఒక్కొక్కర్నీ విడివిడిగా పిలిచి మిగతా టాపిక్స్ అడిగారు. అటూఇటూ క్వాంటంలో తడబడకుండా చెప్పింది. అతను ఎలక్ట్రోమాగ్నెటిజంలో దేన్నీ గోళాకారం అనలేదు. స్టాటిస్టికల్ మెకానిక్స్ ఎలాగో గట్టెక్కింది.

చివరి టాపిక్‌కి ఇద్దర్నీ కలిపి పిలిచారు. స్ప్రింగు బల్ల మీద పెట్టి ఉంది. ఎవరూ దాన్ని తగిలించుకోలేదు. ఆమె కుర్చీని కాస్త దూరంగా లాక్కుని కూర్చుంది.

"నార్మల్ మూడ్స్" అన్నారు మేడమ్ సిలబస్ చూస్తూ. అలాంటిదొకటి ఉన్నట్టు ఆవిడ ఎప్పుడూ వినలేదు. వినలేదని నలుగురు ఫిజిక్స్ వాళ్ళ ముందు ఒప్పుకోవడం ఆవిడకి ఇష్టం లేదు. "మా దగ్గర కూడా ఇది చాలాకాలంగా చెప్తున్నాం. యూనిట్ ఏమిటి?"

"కిటికీ, మేడమ్" అంది అటూఇటూ.

"ఆఁ, కిటికీ. పాత కిటికీయా, కొత్త కిటికీయా?"

"కొత్తదే మేడమ్."

"గుడ్. చాలామంది ఇంకా పాతదే వాడుతున్నారు." హెడ్డుగారు మొహం తుడుచుకున్నారు. "కప్లింగ్ ఉన్నప్పుడు రీడింగ్స్ చెప్పండి" అన్నారు మేడమ్.

ఆమె చెప్పింది. మొదట్లో సున్నాకి కిందే ఉండేవని, రోజులు గడిచేకొద్దీ పెరిగాయని, ఒకరికి పెరిగితే రెండోవారికి కూడా పెరిగేదని, చివరి వారంలో నాలుగు దాటాయని చెప్పింది. అటూ ఇటూగా ఎంతో కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ గోడ వైపే చూసింది.

"కప్లింగ్ తీసేశాక?"

"రీడింగ్స్ లేవు మేడమ్."

"ఎందుకు లేవు?"

"రెండో ఆసిలేటర్ కప్లింగే లేదనుకుందాం అన్నారు."

లోలకం మాస్టారు ఊగడం ఆపేశారు. మేడమ్ అతని వైపు తిరిగారు. "అలా ఎలా అనుకుంటారు? ఆ అసంప్షన్‌ని జస్టిఫై చేయండి."

"చేయలేను మేడమ్" అన్నాడతను. "అది తప్పు."

తప్పు అనే మాట వినగానే హెడ్డుగారు పక్క గది గోడ వైపు భయంగా చూశారు.

"గాలి లేదనుకోగలను మేడమ్. రాపిడి లేదనుకోగలను. ఆ రోజు వాళ్ళ నాన్నగారికి భయపడి, ఈవిడ కూడా లేదనుకోగలనని చెప్పాను. తర్వాత ప్రయత్నించాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, ఏమీ అనిపించలేదు. పక్కన ఈవిడ లేకపోతే ఆ కిటికీ ఎందుకో తెలియలేదు. అన్నం దగ్గర కుదరలేదు. పుస్తకం దగ్గర కుదరలేదు. నాకు ఈవిడంటే ఇష్టం. అది వాళ్ళ నాన్నగారి ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. క్షమించమని అడుగుతున్నాను."

మేడమ్ కాగితం మీద ఏదో రాసుకుని, "రెండో అభ్యర్థి ఏమంటారు?" అన్నారు.

అటూఇటూ గోడ మీద నుంచి చూపు తిప్పింది. చెవులు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం ల్యాబ్‌లో ఉన్నట్టే ఉంది.

"ఒక్క రీడింగ్‌తో తేల్చలేం మేడమ్. మళ్ళీ తీయాలి."

"మళ్ళీ చెప్పండి" అన్నారు మేడమ్ అతనితో.

"నాకు ఈవిడంటే ఇష్టం."

"ఇంకోసారి" అంది అటూఇటూ.

"నువ్వంటే నాకు ఇష్టం."

"ఇంకోసారి."

"ఎన్నిసార్లు తీస్తావమ్మా?" అన్నారు లోలకం మాస్టారు. "ఇక యావరేజ్ కట్టెయ్."

ఆమె నవ్వింది. నవ్వకూడదని పెదవి కొరుక్కుని, ఆగక, చేతుల్లో మొహం పెట్టుకుని నవ్వింది. తర్వాత తలెత్తి "ఒప్పుకుంటున్నాను సార్. నాక్కూడా అంతే" అంది. అటూ ఇటూగా అని తగిలిస్తుందేమోనని అందరూ కాసేపు ఆగి చూశారు. తగిలించలేదు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని పక్క గది నుంచి విచారణ సంఘం అధ్యక్షులు తల లోపలికి పెట్టారు. "ఇవాళ టీ రాలేదు. ఇక్కడ ఎవరో తప్పు అంటున్నట్టు వినిపించింది?"

"లేదండీ" అన్నారు హెడ్డుగారు లేచి నిలబడి. "ఇక్కడ అంతా సవ్యంగా ఉంది. పాసయ్యారు. ఇద్దరూ పాసయ్యారు."

మేడమ్ వెళ్ళేటప్పుడు సిలబస్ కాపీ ఒకటి అడిగి తీసుకున్నారు. తమ దగ్గర పాత పద్ధతిలో చెబుతున్నారట, దీని ప్రకారం మార్చాలట.

*

పరీక్ష పాసవడం వేరు, ఇన్‌స్పెక్టరు గారి ముందు కూర్చోవడం వేరు. ఆ తర్వాతి ఆదివారం అక్కని వెంటబెట్టుకుని అతను వాళ్ళింటికి వెళ్ళాడు. అక్కే కారు నడిపింది. దారిలో రెండుసార్లు "దిగిపోనా?" అని అడిగితే రెండుసార్లూ స్పీడు పెంచింది.

ఇన్‌స్పెక్టరు గారు ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ళావిడ వంటింటి గడప దగ్గర నిలబడింది. బయట వాన సన్నగా పడుతోంది.

"మొన్న బజార్లో అడిగితే ఏమీ లేదన్నావు" అన్నాడాయన.

"అబద్ధం చెప్పానండీ."

"నేను ముప్పై ఏళ్ళుగా తక్కువ తూచేవాళ్ళని చూస్తున్నాను. పట్టుబడ్డాక అందరూ నిజాయతీపరులే. ఇవాళ నువ్వు చెప్పేది సరైన తూకమేనని నాకెలా తెలుస్తుంది?"

అటూఇటూ ఏదో అనబోతే "నువ్వుండమ్మా" అన్నాడాయన.

"బాబాయిగారూ" అంది అక్క. "మావాడికి ధైర్యం తక్కువే. దాచిపెట్టి ఏం లాభం? కానీ భయపడుతూనే వచ్చి మీ ముందు కూర్చున్నాడు కదా. నా దగ్గర కారు నేర్చుకునేవాళ్ళలో నేను చూసేది అదొక్కటే. భయం లేనివాళ్ళకి నేను లైసెన్సు ఇప్పించను."

మాట అక్కడ ఆగిపోయింది. ఎవరికీ దాన్ని ముందుకి ఎలా తోయాలో తెలియలేదు. అప్పుడు వాళ్ళమ్మ గడప దగ్గర నుంచి అంది: "టీ పెడదామంటే పంచదార అయిపోయింది. అమ్మాయీ, వీధి చివర కొట్లో తీసుకురా."

"నువ్వు కూడా వెళ్ళరా, వాన పడుతోంది" అంది అక్క తమ్ముడితో, వాన పడితే ఇద్దరు ఎందుకు తడవాలో చెప్పకుండా.

ఇద్దరూ వెళ్ళారు. పొయ్యి మీద నీళ్ళు మరిగాయి. వాళ్ళమ్మ పొయ్యి కట్టేసింది. అక్కా ఇన్‌స్పెక్టరు గారూ కాసేపు రోడ్ల గురించి, కాసేపు పెట్రోలు బంకుల్లో కొలతల గురించి మాట్లాడుకున్నారు. ఆ విషయంలో ఇద్దరి అభిప్రాయం ఒకటేనని తేలింది. వాళ్ళమ్మ మళ్ళీ పొయ్యి వెలిగించింది. మళ్ళీ కట్టేసింది. కొట్టు వీధి చివరే. వెళ్ళి రావడానికి ఐదు నిమిషాలు చాలు.

గంట తర్వాత తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. ఇద్దరూ నిలువునా తడిసిపోయి లోపలికి వచ్చారు. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఏదో మాట మీద నవ్వుకుంటూ వచ్చి, గదిలో అందర్నీ చూసి ఆపేశారు.

"ఏదమ్మా?" అంది వాళ్ళమ్మ.

"ఏది?" అంది కూతురు.

"మిమ్మల్ని పంపింది దేనికి?"

కూతురు అతని వైపు చూసింది. అతను ఆమె వైపు చూశాడు. ఇద్దరూ నిజంగానే ఆలోచిస్తున్నారు. ఇద్దరికీ నిజంగానే గుర్తు రావడం లేదు.

"ఎక్కడిదాకా వెళ్ళారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు గారు.

"తెలీదు నాన్నా" అందామె.

ఆయన కూతురి మొహం చూశాడు, పక్కనున్నవాడి మొహం చూశాడు. మళ్ళీ కూతురి మొహం చూశాడు. లేచి, మూలనున్న గొడుగు తీసుకుని చెప్పులు వేసుకున్నాడు.

"మీరెక్కడికండీ?" అంది వాళ్ళావిడ.

"పంచదారకి. వీళ్ళని నమ్ముకుంటే ఈ ఇంట్లో టీ తాగినట్టే." గుమ్మం దాటబోతూ ఆగి, అక్క వైపు తిరిగాడు. "అమ్మా, అల్లుడు తీపి ఎక్కువ తాగుతాడా, తక్కువా?"

"రెండు చెంచాలు బాబాయిగారూ" అంది అక్క.

ఆయన తలూపి, గొడుగు తెరిచి, వానలోకి దిగాడు.